తిరువయ్యారు ఐదు రోజులు: హన్మకొండ నుంచి అమ్మను తీసుకెళ్లాలి, పోయొచ్చినవాళ్లు చెప్పండి

హన్మకొండ_సాయి | 12 అక్టోబర్ 2025

అందరికీ నమస్తే. మా అమ్మకు 64 ఏళ్లు. సంగీతం ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. పొద్దున రేడియో పెట్టుకుని వంట చేస్తూ చెవికి పట్టించుకున్నదే. త్యాగరాజు పంచరత్నాల్లో మూడు మొత్తం వచ్చు. మిగతా రెండు సగం దాకా వెళ్లి తననా అని లాగేస్తుంది. బాపు పోయి రెండేళ్లయింది. మొన్న సద్దుల బతుకమ్మ అయిపోయాక ఇత్తడి తాంబాలం తోముతూ, "ఒక్కసారి తిరువయ్యారు పోయి ఆ ఇసుకల కూసుంటే చాలురా" అన్నది. నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు.

అక్కడ త్యాగరాజు సమాధి దగ్గర ఏటా జరిగే సంగీత ఉత్సవం, అదే ఆరాధన, ఈసారి 2026 జనవరి 3 నుంచి 7 వరకు అని చూశాను. 7న పుష్య బహుళ పంచమి. నా డౌట్లు ఇవి: ఐదు రోజులూ ఉండాలా, చివరి రోజుకు పోతే సరిపోతుందా? టికెట్ ఎక్కడ కొనాలి? ఎక్కడ ఉండాలి? అమ్మకు మోకాళ్ల నొప్పి, నేల మీద ఎక్కువసేపు కూర్చోలేదు. నాకు ఈ సంగీతం ఒక్క ముక్క తెలియదు. నేను గణేశ్ నిమజ్జనం డీజే బ్యాచ్. నవ్వకండి.

కాజీపేట_జంక్షన్ | 12 అక్టోబర్ 2025

బండ్ల సంగతి నేను చెప్తా, పాటల సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు.

తిరువయ్యారుకు రైలు లేదు. తంజావూరులో దిగాలి, అక్కడి నుంచి 13 కిలోమీటర్లు. వరంగల్‌లో రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున చెన్నై. ఆ బండి ఎగ్మోర్ మీదుగా తాంబరం పోతుంది. తంజావూరు బండ్లు కూడా ఆ వైపువే, కాబట్టి సామాన్లు పట్టుకుని సెంట్రల్ నుంచి ఎగ్మోర్‌కు ఆటో బేరం తప్పుతుంది. తంజావూరుకు పగలు చోళన్ ఎక్స్‌ప్రెస్, రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్. అమ్మతో కదా, చోళన్ చూడు. చిదంబరం, మాయవరం, కుంభకోణం మీదుగా పోతుంది, కిటికీ పక్కన కూర్చుంటే దారంతా పచ్చగా ఉంటుంది. కానీ మన బండి లేటైతే చోళన్ దొరకదు. ఒక రోజు ముందు పోయి చెన్నైలో పడుకోవడం మంచిది. టికెట్‌లో బండి బయల్దేరేది ఎగ్మోరా, తాంబరమా అన్నది తప్పకుండా చూసుకో. పనుల వల్ల అప్పుడప్పుడు మారుస్తున్నారు.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే, పాత 120 కాదు. జనవరి 2 బండికి నవంబర్ 3 పొద్దున 8 గంటలకు ఓపెన్ అవుతుంది. చాయ్ తర్వాత తాగు.

రేడియో_మేడం | 13 అక్టోబర్ 2025

సాయీ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. నేను సంగీతం టీచరుగా పనిచేసి రిటైర్ అయ్యాను, ఐదుసార్లు వెళ్లాను.

మొదట టికెట్. టికెట్ అనేదే లేదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. పాడేవాళ్లు కూడా పారితోషికం తీసుకోరు, అదొక మొక్కు లాంటిది. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న సమాధి అయ్యారు. ఇంగ్లీషు తేదీ కాకుండా తిథి చూస్తారు కాబట్టి ఆరాధన తేదీ ఏటా మారుతూ ఉంటుంది. 2024లో పంచమి జనవరి 30న పడింది, 2025లో జనవరి 18న. పోయినసారి సరిగ్గా సంక్రాంతి రోజు మొదలైంది, పొంగల్ రద్దీలో రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. ఈసారి పండగకు వారం ముందే అయిపోతుంది. మీ అమ్మగారి అదృష్టం, వెనక్కి వచ్చి సకినాలు కూడా చేసుకోవచ్చు.

ఇక ఐదు రోజులా, ఒక్క రోజా అన్నావు. అందరూ పంచమి కోసమే పోతారు. ఆ పొద్దున నాదస్వరం, త్యాగరాజస్వామి ఇంటి నుంచి ఉంఛవృత్తి (భిక్ష అడుగుతూ పాడే) భజన ఊరేగింపు, సమాధి దగ్గర అభిషేకం. తొమ్మిది ప్రాంతంలో విద్వాంసులు ఎదురెదురుగా వరసల్లో కూర్చుని పంచరత్నాలు ఎత్తుకుంటారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ ఐదు రాగాల్లో ఐదు పాటలు. వందల గొంతులు ఒక్కసారి లేస్తాయి. నాటలో ఉన్నది సంస్కృతం, మిగతా నాలుగూ మన తెలుగే. ఇదంతా గంటన్నర లోపు అయిపోతుంది. టీవీలో, ఆకాశవాణిలో కూడా వస్తుంది. అది మాత్రమే కావాలంటే హన్మకొండలో ఇంట్లో కూర్చుని ఇంకా బాగా వినొచ్చు.

అక్కడికి పోయి వినాల్సింది రెండో రోజు, మూడో రోజు మధ్యాహ్నాలు. పొద్దున మొదలై రాత్రి పొద్దుపోయేదాకా ఒకరు దిగేలోపు ఇంకొకరు ఎక్కుతుంటారు. గంటల కచేరీలు ఉండవు, ఎంత పెద్ద పేరైనా కొన్ని నిమిషాలే. ఒక పేరున్న విద్వాంసుడి తర్వాత ఎక్కడి నుంచో వచ్చిన పదో తరగతి పిల్ల ఎక్కుతుంది. చేతులు వణుకుతుంటాయి. పంచమి నాటి సమూహంలో ఎవరి గొంతూ విడిగా వినపడదు, ఆ పిల్ల గొంతు మాత్రం వినపడుతుంది. కనీసం మూడు రోజులు ఉండండి, వీలైతే ఐదూ.

జాతర_బిడ్డ | 13 అక్టోబర్ 2025

మేడం చెప్పింది చదివితే మన ఐనవోలు గుర్తొచ్చింది. సంక్రాంతికి మల్లన్న జాతరలో రాత్రంతా ఒగ్గు కథ వింటాం. అక్కడ కూడా టికెట్ లేదు, కుర్చీ లేదు, మంచు మాత్రం ఫుల్లు. అన్నా, నాకు ఒక్కటే డౌట్. జనం ఎంత? మేడారం అంతనా?

రేడియో_మేడం | 13 అక్టోబర్ 2025

మేడారంతో పోలిస్తే ఇది పెళ్లి పందిరి, బాబూ. భయపడకండి.

కరీంనగర్_కిరణ్ | 14 అక్టోబర్ 2025

నా కథ విని నవ్వుకోండి, కానీ జాగ్రత్త పడండి.

రెండేళ్ల కింద మా ఫ్రెండ్ ముగ్గురికీ రూమ్ బుక్ చేశాడు. తంజావూరులో దిగి ఆటోవాలాకు అడ్రస్ చూపిస్తే వాడు మా ముఖాలు చూసి మళ్లీ ఫోన్ చూశాడు. రూమ్ తిరువారూర్‌లో ఉంది! మేము పోవాల్సింది తిరువయ్యారు. యాప్‌లో మొదట ఏది కనపడితే అది కొట్టేశాడు. తిరువారూర్ తంజావూరుకు తూర్పున, రైల్లో గంటకు పైగా. ఇంకా కామెడీ ఏంటంటే, త్యాగరాజు పుట్టింది తిరువారూర్‌లోనే. మావాడు "తప్పేముంది, పుట్టిన ఊరు చూసినట్టయింది" అని వాదించాడు. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు.

ఆ రాత్రి అక్కడే పడుకుని, పంచమి పొద్దున బయల్దేరి చేరేసరికి పది దాటింది. ఎవరో పెద్దాయన వస్తున్నాడని పోలీసులు దారి కట్టారు, కిలోమీటరు ముందే దిగి నడిచాం. పందిట్లోకి పోయేసరికి శ్రీరాగం నడుస్తోంది. "ఎందరో మహానుభావులు" చివరి చరణాలు, అంతే. ఐదింటిలో ఒక్కదానిలో పావు వంతు విన్నాం. పందిరి గుంజ పక్కన నిలబడి, ఒక పెద్దాయన వీపు చూస్తూ.

కాబట్టి మేడం చెప్పింది వంద శాతం నిజం. ఒక్క రోజు కోసం పోతే గుంజే మిగులుతుంది.

పెద్దపల్లి_పద్మ | 14 అక్టోబర్ 2025

మా అత్తమ్మను తీసుకుపోయాను, ఆమెకూ మోకాళ్లే. ఆడవాళ్ల కష్టాలు మగవాళ్లు రాయరు కాబట్టి నేను రాస్తున్నా.

తిరువయ్యారు చిన్న ఊరు, ఆ రోజుల్లో రూమ్ దొరకడం కష్టం. తంజావూరులో పాత బస్టాండు దగ్గర ఉంటే మంచిది. పొద్దున్నుంచి బస్సులు ఉంటాయి. పోతూ ఉంటే ఒక వంతెన, ఇంకో వంతెన, మళ్లీ ఇంకోటి. ఐదు నదుల ఊరు కాబట్టే తిరువయ్యారు అని పేరు. మా అత్తమ్మ ప్రతి వంతెన మీదా చిల్లర వేయాలని కిటికీ తెరిచేది, వెనక సీటు వాళ్లు తిట్టేవాళ్లు.

కుర్చీలు పందిరికి వెనక, పక్కల కొన్ని ఉంటాయి. ముందైతే నేలే. మడత స్టూల్ ఒకటి తీసుకుపో, కానీ మధ్యలో వేస్తే వెనకవాళ్లు ఊరుకోరు, పక్కగా గుంజకు ఆనుకుని వేయాలి. మంచి ఐడియా ఏంటంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. అందరూ భోజనాలకు, నిద్రలకు పోతారు. అప్పుడు ముందు దాకా పోవచ్చు, కాళ్లు చాపుకోవచ్చు.

పగలు ఎండ బాగానే ఉంటుంది, రాత్రి కావేరి మీది నుంచి చల్లగాలి. శాలువా, చెవులకు మఫ్లర్. దోమలు! ఓడోమాస్ రెండు తీసుకుపో. బాత్రూమ్‌ల సంగతి జాతరలో ఎలా ఉంటుందో అలాగే. తంజావూరులో రూమ్‌లోనే అన్నీ ముగించుకుని బయల్దేరడం, మధ్యాహ్నం ఏదైనా హోటల్లో తింటూ అక్కడ వాడుకోవడం. నీళ్లు తాగకుండా కూర్చోబెట్టకు, మా అత్తమ్మ అలా చేసి కళ్లు తిరిగి పడబోయింది.

తిండి బాగుంటుంది, కానీ మన నోటికి కారం ఉండదు. మూడో రోజుకు మా అత్తమ్మ సాంబార్ సాదం చూసి ముఖం తిప్పుకుంది. కారప్పొడి డబ్బా, మామిడికాయ తొక్కు తప్పనిసరి. సర్వపిండి ఒక్క రోజే ఆగుతుంది, గారప్పాలు ఐదు రోజులూ ఆగుతాయి.

పరకాల_ప్రశ్న | 15 అక్టోబర్ 2025

నేను వేరే మాట అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. పాటలు తెలుగు. రాసినాయన ఇంటి భాష తెలుగు. పండగ మాత్రం తమిళనాడులో, పాడేవాళ్లలో చాలామంది తమిళులు. నేను యూట్యూబ్‌లో వింటుంటే "భ"కు "ప", "గ"కు "క" వినపడి ఒళ్లు మండుతుంది. పదాన్ని మధ్యలో విరిచి ఊపిరి పీలుస్తారు. అర్థం తెలియకుండా పాడే పాటకు ఇంత దూరం పోవడం అవసరమా?

రేడియో_మేడం | 15 అక్టోబర్ 2025

నీ బాధ నాకూ ఉంది. కానీ ఒకటి అడుగుతాను. పంచరత్నాల్లో సాహిత్యం అర్థం చెప్పగల తెలుగువాళ్లు మీ వీధిలో ఎంతమంది? నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, నా క్లాసుకు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు "సినిమా పాట నేర్పండి మేడం" అనేవారు. వాళ్లు పలకడంలో తప్పు చేశారు, మనం పాడడమే మానేశాం.

ఇంకో సంగతి. తంజావూరును నాయక రాజులు ఏలినప్పుడు ఆస్థానంలో తెలుగే వెలిగింది. ఇప్పటికీ సరస్వతీ మహల్ లైబ్రరీలో తెలుగు తాళపత్రాలు ఉన్నాయి. మనది కాని చోటు అనుకోకు.

ఆ సమాధి మీద గుడి కట్టించింది ఎవరో కూడా తెలుసుకుని పోండి. బెంగళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషి. 1920లలో, పాడుబడిన ఆ చోటు చూసి సొంత డబ్బు పెట్టి కట్టించింది. కానీ అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లను పాడనిచ్చేవారు కాదు. గుడి కట్టించినామెకే ఆ గుడి ముందు పాడే హక్కు లేదు! ఆమె ఊరుకోలేదు, ఆడవాళ్లను కూడగట్టి గుడి వెనక వేరుగా పాడించింది. ముద్దుపళని అనే కవయిత్రి రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని 1910లో మళ్లీ అచ్చు వేయించి బ్రిటిష్ వాళ్ల నిషేధం ఎదుర్కొన్నది కూడా ఈమే. ఇవాళ వరసల్లో ఆడవాళ్లు కూర్చుని పాడుతున్నారంటే ఆమె కొట్లాట వల్లే. 1952లో పోయింది. ఆమె విగ్రహం సమాధి వైపే చూస్తూ ఉంటుంది. సాయీ, మీ అమ్మగారికి అది తప్పకుండా చూపించు.

హన్మకొండ_సాయి | 15 అక్టోబర్ 2025

మేడం, ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. నాగరత్నమ్మ దగ్గర "మళ్లా చదువు" అన్నది. ఇంకో డౌట్. అమ్మ అక్కడ పాడొచ్చా? స్టేజీ మీద కాదు.

రేడియో_మేడం | 16 అక్టోబర్ 2025

స్టేజీ మీద పాడాలంటే ఆరాధన నడిపే సభవాళ్లకు ముందుగా దరఖాస్తు పంపాలి. పంచమి నాడు పందిట్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా గొంతు కలపొచ్చు, సగం మంది పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కలుపుతారు కూడా. రాని రెండూ ఏవో అడుగు. నాకు ఫోన్ చేయిస్తే రోజుకు అరగంట చెప్తాను. ఫీజు గారప్పాలు.

హన్మకొండ_సాయి | 3 నవంబర్ 2025

జంక్షన్ అన్నా, 8 గంటల 2 నిమిషాలకు రెండు లోయర్ బెర్తులు! ఒక రోజు ముందు పోవడం కుదరలేదు, లీవ్ లేదు. 2న ఎక్కుతున్నాం.

కాజీపేట_జంక్షన్ | 3 నవంబర్ 2025

లేట్ కాకూడదని భద్రకాళికి మొక్కు.

హన్మకొండ_సాయి | 11 జనవరి 2026

వచ్చేశాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక ఉంటే చదవండి.

భద్రకాళి వినలేదు. చార్మినార్ గంటన్నర లేటు, చోళన్ పోయింది. బస్సులో పడి తంజావూరు చేరేసరికి రాత్రి తొమ్మిది. మొదటి రోజు ప్రారంభం మొత్తం మిస్. అమ్మ ఏమీ అనలేదు, ఆ మౌనమే నాకు టెన్షన్. లాడ్జిలో గీజర్ ఉందని డబ్బులు తీసుకున్నారు, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చి ఇచ్చారు. పేరు రాయను.

రెండో రోజు పొద్దున పందిట్లోకి పోయాం. నేనేమో పెద్ద స్టేజీ, లైట్లు, డ్రోన్లు ఊహించుకున్నా. చూస్తే పందిరి, కింద జంపఖానాలు, పక్కన కావేరి. ఎవరో పాడుతున్నారు, పిల్లలు పల్లీలు తింటున్నారు. ఒక తాత నిద్రపోతూనే తొడ మీద తాళం వేస్తున్నాడు, ఒక్క దెబ్బ తప్పడం లేదు. నాకు గంటలో బోర్ కొట్టింది, నిజం చెప్తున్నా. బయటికి వచ్చి కాఫీ తాగి, ఫోన్ చూసి, మళ్లీ కాఫీ తాగాను. నాలుగు కాఫీలు అయ్యాయి.

మూడో రోజు మధ్యాహ్నం, పద్మక్క చెప్పిన ఖాళీ టైంలో, ముందుకు పోయి కూర్చున్నాం. అమ్మ స్టూల్ పక్కన కుంభకోణం నుంచి వచ్చిన ఒకామె, మా అమ్మ వయసే. ఒళ్లో పాత నోట్‌బుక్, అట్టకు బట్ట కుట్టి ఉంది. గౌళ రాగం పంచరత్నం తమిళ అక్షరాల్లో రాసుకుంది. పరకాల అన్నా, ఇది నీ కోసం. అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు ఉన్నాయి. అమ్మ వేలు పెట్టి ఇదేంటి అని సైగ చేస్తే ఆమె పలికి చూపించింది. తమిళంలో త, థ, ద, ధ అన్నిటికీ ఒకటే అక్షరం. అందుకని త పక్కన 3 వేస్తే ద. ట పక్కన 3 వేస్తే డ. క పక్కన 3 వేస్తే గ. "దుడుకు గల" అన్న రెండు మాటల్లోనే మూడు చోట్ల 3లు. ఆమె పాడి వినిపించింది, ద దగా, డ డగా స్పష్టంగా ఉన్నాయి. మా అమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

తర్వాత ఆమె అడిగింది. నలభై ఏళ్లుగా పాడుతున్నాను, ఈ "దుడుకు" అంటే సరిగ్గా ఏంటి? ఆమెకు వచ్చిన తెలుగు పది మాటలు, అమ్మకు తమిళం సున్నా. అమ్మ కాసేపు ఆలోచించి నన్ను చూపించింది. చిన్నప్పుడు వీడు, అంటూ గోడ ఎక్కినట్టు, దూకినట్టు, చెయ్యి విరిగినట్టు, తను కర్ర పట్టుకుని వెంటపడినట్టు మొత్తం సైగలతో చెప్పింది. చుట్టూ నలుగురు నవ్వారు. ఆమె ఒక్కసారి "ఆఁ!" అని నోట్‌బుక్‌లో ఆ మాట పక్కన పెన్సిల్‌తో ఏదో రాసుకుంది. ఏం రాసిందో మరి, నా పేరు రాసి ఉంటే మాత్రం అన్యాయం.

అప్పటి నుంచి ఇద్దరూ విడిపోలేదు. పంచమి పొద్దున ఐదున్నరకే ఆమె వచ్చి అమ్మకు చోటు పట్టి పెట్టింది. పాట మొదలయ్యాక నేను రికార్డ్ చేద్దామని ఫోన్ ఎత్తాను, అమ్మ చెయ్యి కొట్టింది. కాబట్టి వీడియో లేదు, అడగకండి. వరాళి దగ్గర అమ్మ తడబడింది. మేడం నేర్పించినా సరే మధ్యలో మాట పోయింది. పక్కనామె నోట్‌బుక్ అమ్మ వైపు జరిపింది. తమిళ అక్షరాలు అమ్మకు ఏం అర్థమవుతాయి? అయినా అమ్మ అందులోకే చూస్తూ పాడింది.

నాగరత్నమ్మ విగ్రహం దగ్గర అమ్మ కొంగు తీసి దుమ్ము తుడవబోయింది, అక్కడున్నాయన వద్దన్నాడు. గులాబీ పెట్టి వచ్చాం.

తంజావూరు పెద్ద గుడి కూడా చూశాం, 1010 నాటిది. అమ్మ చుట్టూ తిరిగి చూసి, "మన రామప్ప సన్నగ చెక్కిన్రు, వీళ్లు ఎత్తుగ కట్టిన్రు" అని తీర్పు ఇచ్చేసింది.

పరకాల_ప్రశ్న | 11 జనవరి 2026

అంకెల సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. మా పాప ఇంగ్లీష్ మీడియం, తెలుగు పద్యం ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకుని చదువుతుంది. దానికి అంకెలు కూడా ఉండవు.

ఊపిరి పీల్చే చోటు గురించి మాత్రం నా మాట వెనక్కి తీసుకోను.

రేడియో_మేడం | 12 జనవరి 2026

తీసుకోవద్దు, అది నిజమే. సాయీ, వరాళి నేర్పిన తప్పు నాదే. వరాళి గురువు నేరుగా నేర్పితే అరిష్టమని ఒక నమ్మకం ఉంది, నేను ఎప్పుడూ ఆ ఒక్కటీ త్వరత్వరగా చెప్పి వదిలేస్తాను. మీ అమ్మగారిని పండగ తర్వాత ఫోన్ చేయమను.

జాతర_బిడ్డ | 12 జనవరి 2026

అన్నా, ఈ నెల 28 నుంచి మేడారం. నాలుగు రోజులు. అమ్మను తీసుకురా. నువ్వు డోలు దగ్గర ఉండు, నాలుగు కాఫీలు అవసరం పడవు.

పెద్దపల్లి_పద్మ | 12 జనవరి 2026

స్టూల్ పనికొచ్చిందా? మోకాళ్లు ఎలా ఉన్నాయి?

హన్మకొండ_సాయి | 12 జనవరి 2026

మోకాళ్లు వాచాయి అక్కా, నూనె రాస్తున్నాం. స్టూల్ అక్కడే వదిలేసి వచ్చింది. కుంభకోణం ఆమెకు కూడా మోకాళ్లేనంట. కారప్పొడి డబ్బా కూడా ఆమెకే ఇచ్చేసింది. నిన్న ఆమె ఫోన్ చేసింది. ఇద్దరూ ఇరవై నిమిషాలు ఏం మాట్లాడుకున్నారో నాకైతే తెలియదు, మధ్యలో రెండుసార్లు "దుడుకు" అని మాత్రం వినపడింది.